చేతుల సంగతి

దయాసదనం ఆస్పత్రి,
ధవళేశ్వరం దిగువ, కాలవ గట్టు,
1897 నవంబరు.

చిరంజీవి తమ్ముడు ఏసురాజుకి,

అక్క సంపూర్ణమ్మ ప్రభువు పేరట దీవించి రాయునది. నీ ఉత్తరం రంగూను నుంచి స్టీమరెక్కి కాకినాడలో దిగి, రామచంద్రపురం టపాలో నాలుగు చేతులు మారి, చివరికి మన పాదిరిగారి ద్వారా నాకు అందింది. ఉత్తరం మొదట్లో రాయాల్సిన మాట ఒకటుంది కదా, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని. ఈసారి ఆ వరస ఖాళీగా వదిలాను. మరిచిపోయాననుకోకు, అక్కకి మర్యాద తప్పిందనీ అనుకోకు. ఎందుకు వదిలానో తెలియాలంటే ఓపిక పట్టి చివరిదాకా చదవాలి. నీకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ. పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగానే కంచం ముందేసుకుని కూర్చునేవాడివి.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు రాస్తాను. గేదె ఈనింది. పెయ్యదూడ, అచ్చం తల్లి పోలికే, కొమ్ములు రాకముందే పొడవడానికి వస్తోంది. రెండింటినీ పక్కింటి తలుపులమ్మకి అప్పగించాను. పాలు మీ పిల్లలకి పోసుకోండి, నేను వచ్చేసరికి గేదెను గేదెలా చూపిస్తే చాలు అన్నాను. ఇంటి కప్పు వానలకి ముందే కొత్త తాటాకు వేయించాను. అయినా వంటింటి మూల ఒకచోట కారితే కింద కుండ పెట్టాను. నీ గొడుగు దూలానికే వేలాడుతోంది, ఎవరికీ ఇవ్వలేదు.

మరి గేదెను అప్పగించి నువ్వెక్కడికి పోయావని అడుగుతావు. ఈ ఉత్తరం ఆస్పత్రి వెనక వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు నేనుండేది ఇక్కడే. ఆ సంగతీ వస్తుంది.

ఇంకో మాట. మన వీరాస్వామి రంగూను నుంచి వచ్చాడు. నువ్వు ఇచ్చి పంపిన దుప్పటి ఇచ్చాడు, నువ్వు చెప్పవద్దన్న మాట కూడా చెప్పాడు. జ్వరంతో మంచం పట్టావట, మిల్లుకి పోలేక గదిలో ఒక్కడివే మూలుగుతూ పడుకున్నావట. ఆ రోజుల్లోనే కదరా నువ్వు నాకు ‘నేను ఇక్కడ పరిపూర్ణ క్షేమం’ అని రాసింది? ఆ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి గాని క్షేమం మాత్రం గుండ్రంగా రాశావు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని తిట్టడానికి నాకు మొహం లేదు. ఎందుకో రాస్తాను.

ఇక నువ్వు గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్న. ‘నా బిడ్డ ప్రసన్నను అక్కడ బాగా చూసుకుంటున్నారా అక్కా? లేకపోతే వచ్చే స్టీమరుకే వచ్చి నాతో తీసుకుపోతాను’ అన్నావు. దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో రాస్తే అబద్ధమవుతుంది. అందుకని మొదటి నుంచీ రాస్తాను.

మరదలు వాంతిభేదితో పోయినప్పుడు నువ్వు వచ్చి నెల తిరక్కుండా వెళ్ళిపోయావు. నువ్వున్నన్నాళ్ళూ పిల్ల కంట తడి పెట్టలేదు, నీ పక్కనే కూర్చుంది, గట్టిపిల్ల అని అందరం మెచ్చుకున్నాం. నువ్వు వెళ్ళాక ముందు తిండి తగ్గించింది, తరువాత మాట తగ్గించింది, ఆఖరికి మాట పూర్తిగా మానేసింది. పదిహేనేళ్ళ పిల్ల. అది కీర్తన ఎత్తుకుంటే గుడి బయట బండి కట్టేవాడికి కూడా వినిపించేది. అలాంటిది ఇంట్లో ఉందో లేదో తెలియకుండా అయిపోయింది. పొద్దు వాలేసరికి కాలవ రేవులోకి దిగి నడుం లోతు నీళ్ళలో నిలబడేది. పిలిస్తే పలికేది కాదు, వెళ్ళి చెయ్యి పట్టుకుంటే మాత్రం వచ్చేది. ఎవరూ వెళ్ళి పట్టుకోని రోజు వస్తే ఏమవుతుందోనని నాకు అన్నం సయించేది కాదు. గాలి సోకిందన్నారు. భూతవైద్యుడి దగ్గర కొయ్యకి కట్టి వేపమండలతో కొడతారని తెలుసు కనుక ససేమిరా అన్నాను. నువ్వూ ఆస్పత్రికే తీసుకెళ్ళమని రాశావు. పాదిరిగారి చీటీ పట్టుకుని, పిల్లని పడవ మీద తెచ్చి దయాసదనంలో చేర్చాను. ఇంతవరకూ నీకు తెలుసు.

ఈ దయాసదనం ముందు వైపు ఆడవాళ్ళ ఆస్పత్రి. పురుళ్ళూ జ్వరాలూ పుళ్ళూ అన్నీ అక్కడే. వెనక వైపు కాలవ గట్టుకి ఆనుకుని పొడవాటి వరండా, దాని వెంబడి గదులు ఉన్నాయి. మనసు చెదిరిన ఆడపిల్లల్ని ఇక్కడ ఉంచుతారు, ఉక్కకి మంచాలన్నీ వరండాలోనే వేస్తారు. అందరూ ప్రసన్న ఈడువాళ్ళే. డాక్టరమ్మగారు సముద్రాలు దాటి వచ్చిన మనిషి, ఎర్రటి మొహం, పెద్ద పెద్ద అడుగులు. తెలుగు ఎవరో పండితుడి దగ్గర నేర్చుకుందట, పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. ‘ఓ సంపూర్ణమ్మా, మీరు ఇంటికి వెళ్ళవలయును’ అని నన్ను మొదటి రోజే పంపించేసింది. మన వాళ్ళలో ఒకరికి జబ్బు చేస్తే పదిమంది చుట్టూ మూగి శోకాలు పెడతారని, ఆ గోలకి పిల్లలు ఇంకా బెదిరిపోతారని ఆవిడ అభిప్రాయం. అందులో అబద్ధం లేదులే. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి చూసి వెళ్ళడానికి మాత్రం సెలవిచ్చింది. ఆవిడ మంచిదే తమ్ముడూ. రోజూ ఉదయం ప్రతి మంచం దగ్గరకీ వచ్చి ‘క్షేమముగా ఉన్నావా?’ అని అడిగి, నాలుక చూసి, పాలు తాగించి పోయేది.

ఒక ఆదివారం ప్రసన్నకి జడ వేస్తున్నాను. పిల్ల చెయ్యి ఎత్తి చెవి మీద వెంట్రుకలు సవరించుకుంది. మణికట్టు చుట్టూ నల్లగా కమిలిన చార కనబడింది. రెండో చెయ్యి చూశాను, అక్కడా అంతే. మోచేతుల దాకా దోమకాట్లు, కొన్ని పుండ్లు పడ్డాయి. ఆ పిల్లల్ని చూసుకునే ఆయా పేరు పెద్దింట్లమ్మ, మన రావులపాలెం వైపు మనిషే. ఆవిణ్ణి పక్కకి పిలిచి అడిగాను.

ఆవిడ దాచలేదు. “ఏం చెయ్యమంటారండీ. దీపాలు పెట్టే వేళకి ఒకతి ఇటు పోద్ది, ఒకతి అటు పోద్ది. నేనా, వంట చెయ్యాలి, నీళ్ళు తేవాలి, ఒక్కదాన్నేనండి. పోయినేడు నేను గంజి వారుస్తుంటే ఓ పిల్ల గేటు దాటి కాలవలో పడిపోయిందండి. పడవోళ్ళు చూశారు కాబట్టి బతికిందండి. ఆ రోజు నుంచీ నాకు వణుకేనండి. పొద్దుగూకితే మంచానికి చేతులు కట్టేస్తాను, తెల్లారాక విప్పేస్తాను. పాత చీర చింపి మెత్తటి పేలికలతోనే కడతానండి, తాడు కాదండి” అంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

నేనేం చేశానో తెలుసా? ఏమీ చెయ్యలేదు. గొడవ చేస్తే మీ పిల్లని మీరే తీసుకుపొండి అంటారని భయపడ్డాను. ఇంటికి తీసుకుపోతే నేను మాత్రం ఏం చేస్తాను? ఊళ్ళో ఉన్నప్పుడు నీళ్ళకి వెళ్ళేటప్పుడల్లా నేనూ దాన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేసేదాన్ని. పైగా పెద్దింట్లమ్మ మీద జాలేసింది. ఆ వారమే నీకు ఉత్తరం రాస్తూ ‘ఇక్కడ బాగా చూసుకుంటున్నారు, దిగులు పడకు’ అన్నాను. నీ జ్వరమూ నా ఉత్తరమూ ఒక్కలాంటివే. ఇప్పుడు తెలిసిందా నిన్ను ఎందుకు తిట్టలేదో?

ఇక విజిటర్ల రోజు గురించి రాయాలి. నెలకొకసారి పెద్దవాళ్ళు కొందరు వచ్చి ఆస్పత్రి ఎలా నడుస్తోందో చూసి వెళతారు. ఆ రోజు పొద్దున్నే వరండా కడిగారు, పిల్లలకి ఉతికిన చీరలు కట్టారు. పాదిరిగారి భార్యా, ఇద్దరు దొరసానులూ, రాజమండ్రి బియ్యం వర్తకులు గున్నేశ్వరరావుగారూ వచ్చారు. ఈయన పిల్లలకి బియ్యం పంపిస్తారు. మన చేతి నీళ్ళు తాగరు, అందుకని ఆయన కోసం కొబ్బరిబొండం కొట్టి పెట్టారు. నన్ను కూడా ఆ రోజు రమ్మన్నారు, పిల్లల తాలూకు మనిషి ఒకరైనా ఉంటే బాగుంటుందని.

వాళ్ళు మంచం మంచానికీ వచ్చి అడిగారు. “అమ్మాయ్, ఎలా ఉన్నావమ్మా? భోజనం అదీ బాగుంటోందా? ఎవరైనా కసురుకుంటున్నారా?” నోరు విప్పగలిగిన ప్రతి పిల్లా ఒకటే జవాబు. “బాగానే ఉందండి.” మన సంగతి నీకు తెలియనిదేముంది. ఇంటికి వచ్చిన పెద్దమనిషి ఎదుట ఇంట్లో కష్టం చెప్పుకుంటామా? మజ్జిగ లేకపోయినా ఉందంటాం, కడుపులో నొప్పి ఉన్నా ఏం లేదండి అంటాం. అది మనకి ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. ఆ మర్యాద ఆ పిల్లల చేతులకి ఎంత పని చేసిందో అప్పుడు నాకు తట్టలేదు.

ప్రసన్న మంచం దగ్గరకి వచ్చారు. పిల్ల మాట్లాడదని డాక్టరమ్మగారు చెప్పింది. గున్నేశ్వరరావుగారు నా వైపు తిరిగి, “మీరు మేనత్తగారా అండీ? మీ అమ్మాయిని ఇక్కడ బాగానే చూస్తున్నారా?” అన్నారు. పిల్ల మణికట్టు నా చేతిలో ఉంది. నా పైట కొంగు దాని మీద కప్పేశాను. నవ్వు మొహం పెట్టి, “మా ఇంట్లో కూడా ఇంత బాగా చూడలేమండి” అన్నాను.

పిల్ల నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. లాక్కుని ఆయన వైపు చూసి, “బాగాలేదండి” అంది.

తమ్ముడూ, ఎన్ని నెలల తరువాత విన్నానురా ఆ గొంతు. బొంగురుపోయి ఉంది. మొదట ఎవరు మాట్లాడారో నాకే అర్థం కాలేదు. అందరూ నిలబడిపోయారు. గున్నేశ్వరరావుగారు చేతిలో బొండం కింద పెట్టి, వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నారు. మన పిల్ల మంచానికి మూరెడు దూరం. అంత దగ్గరగా ఆయన మన వాళ్ళలో ఎవరి దగ్గరా కూర్చుని ఉండరు.

“ఏం బాగాలేదమ్మా?” అన్నారు.

“పొద్దుపోయాక చేతులు కట్టేస్తారండి. దోమలు కుడితే తోలుకోలేనండి.”

అంతే. రెండు చేతులూ ముందుకి చాపింది. గోదావరి జిల్లా మనిషికి దోమ సంగతి వివరించి చెప్పాలా? ఆయన చెయ్యి ఆయనకి తెలియకుండానే తన మోచెయ్యి గోక్కుంది. ఇది చూసి మిగతా పిల్లలూ ఒక్కొక్కరే చేతులు చాపారు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సిగ్గుతో కొంత, పిల్ల మాట్లాడిందన్న సంతోషంతో కొంత. ఏది ఎంతో చెప్పలేను.

డాక్టరమ్మగారి మొహం తెల్లగా పాలిపోయింది. “నేను ప్రతిదినము ఉదయమున వచ్చుచున్నాను గదా. నాకు ఎవరును చెప్పలేదేమి?” అంది. పెద్దింట్లమ్మ తల వంచుకుని, “మీరు క్షేమమా అని అడిగారండి. చేతుల సంగతి అడగలేదండి” అంది. వెటకారంగా అనలేదు, ఉన్నమాట అంది. డాక్టరమ్మగారు తనే ప్రసన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతులకి తైలం రాసింది.

దొరసానుల్లో ఒకావిడ పెద్దింట్లమ్మని అప్పటికప్పుడు తీసేయమంది. అప్పుడు నాకు నోరు పెగిలింది. అంతకుముందు పెగలాల్సింది, ఇప్పటికైనా పెగిలింది. “ఈవిడని తీసేస్తే ఇంకొకావిడ వస్తుందండి. ఆవిడకీ చేతులు రెండే ఉంటాయండి. కాలవా అక్కడే ఉంటుంది, పొద్దూ రోజూ గూకుతుంది” అన్నాను. పాదిరిగారి భార్య ఔనంది. గున్నేశ్వరరావుగారు బయటికి వెళ్ళి గేటూ కాలవ గట్టూ రెండూ చూసి వచ్చి, పెద్దింట్లమ్మ ఉండాల్సిందే, కాని ఒక్కతే ఉండకూడదు అన్నారు.

ఆ తరువాత ఇక్కడ చాలా మారింది. గట్టు వైపు పొడుగునా వెదురు దడి కట్టారు. దోమతెరలు వచ్చాయి. వంట పని ముందు వైపు ఆస్పత్రికి పోయింది. రెండో ఆయా కావాలన్నారు. అడుగుతూ అడుగుతూ డాక్టరమ్మగారు నా వైపు చూసింది. అదీ గేదెను అప్పగించిన కథ. పిల్లల తాలూకు వాళ్ళు కూడా వంతుల మీద వచ్చి నాలుగేసి రోజులు ఉండిపోవచ్చు, శోకాలు పెట్టకూడదు, అంతే.

అన్నిటికంటే పెద్ద మార్పు ఉదయం పూట. డాక్టరమ్మగారు ఇప్పుడు క్షేమమా అని అడగదు. ‘నిన్న నీకు ఏది బాగుండలేదు?’ అని అడుగుతుంది. ఏదో ఒక లోపం చెప్పేదాకా మంచం దగ్గర నుంచి కదలదు. మొదటి రోజు మన పిల్లలు పడ్డ అవస్థ చూడాలి! అంత పెద్దావిణ్ణి పట్టుకుని తప్పులు ఎలా చెబుతారు? మెలికలు తిరిగిపోయారు. చివరికి నాగరత్నం అనే కోమట్ల పిల్ల, కళ్ళు మూసుకుని, “పప్పులో ఉప్పు లేదండి” అనేసింది. డాక్టరమ్మగారు సంతోషం పట్టలేక ఆ పిల్లతో చెయ్యి కలిపింది. ఆ మర్నాడు పప్పులో ఉప్పు ఎక్కువైంది, అదీ చెప్పారు. ఇప్పుడైతే అడ్డూ ఆపూ లేదు. నేను జడ గట్టిగా లాగి వేస్తానని నా మీదే రెండు ఫిర్యాదులు. ఫిర్యాదు చేసినవాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదని డాక్టరమ్మగారి ఆజ్ఞ. లేకపోతే నేను ఊరుకునేదాన్నా?

ప్రసన్న మాట్లాడుతోంది. గలగలా కాదు. నాలుగు మాటలు అడిగితే ఒకటి చెబుతుంది. పొద్దున పాలు, మధ్యాహ్నం అన్నం తింటోంది, రాత్రికి సగం వదిలేస్తుంది. తోటలో బెండమొక్కలు దాని వంతు. నీళ్ళు పోస్తూ ఏదో కూనిరాగం తీస్తుంటే మొన్న విన్నాను, నేను దగ్గరకి వెళ్ళేసరికి ఆపేసింది. వాళ్ళమ్మ గురించి డాక్టరమ్మగారితో ఒకసారి మాట్లాడిందట, ఏం మాట్లాడిందో నేను అడగలేదు. కొన్ని రోజులు మాత్రం మంచం దిగదు, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. అలాంటి రోజు వస్తే నేనూ పెద్దింట్లమ్మా వంతులేసుకుని పక్కన కూర్చుంటాం.

ఇక్కడిదాకా చదివి నీ మనసు కుదుటపడి ఉంటుంది. ఇక్కడితో ఆపేద్దామా అని నాకూ అనిపించింది. నిన్నంతా కలం పక్కన పెట్టి తిరిగాను కూడా. కాని నీకు చెప్పకపోతే మళ్ళీ పాత క్షేమమే అవుతుంది. చదివి స్టీమరెక్కకు, ముందు పూర్తిగా చదువు.

పోయిన వారం, పొద్దు వాలుతుండగా, నేను దీపాల బుడ్లు తుడిచి వచ్చేసరికి ప్రసన్న మంచం ఖాళీ. గేటు గడియ తీసి ఉంది. దడికి అవతల గట్టు మీద నిలబడి నీళ్ళ వైపు చూస్తోంది. ఏం చేశానో నాకు సరిగ్గా తెలియదు. పరిగెత్తాను. సగం దూరం వెళ్ళాక పెద్దింట్లమ్మ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ నా చేతి వైపే చూస్తోంది. నేనూ చూసుకున్నాను. దండెం మీద ఆరేసిన పాత చీర పేలిక నా గుప్పిట్లో ఉంది.

అదిరా తమ్ముడూ నేను చెప్పలేకపోయిన సంగతి. వద్దు వద్దని అంతమంది ఎదుట మాట్లాడిన నేను, పిల్లని కట్టేయడానికి వెళుతున్నాను. అడ్డొస్తే నిన్నైనా తోసేసి ఉండేదాన్ని. భయం మనిషి చేత ఏం చేయిస్తుందో పెద్దింట్లమ్మకి ముందే తెలుసు, నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఆవిడ పేలిక తీసుకుని నడుముకి చుట్టుకుంది. “మీరిక్కడే ఉండండి” అని చెప్పి తను నెమ్మదిగా వెళ్ళి పిల్లకీ నీళ్ళకీ మధ్య నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు. “ఎలా ఉందమ్మా?” అంది.

ప్రసన్న నీళ్ళ వైపే చూస్తూ, “బాగాలేదండి” అంది.

“సరే. బాగాలేకపోతే బాగాలేదు. కాసేపు ఇక్కడే ఉందాం.”

ఇద్దరూ నిలబడ్డారు. నేను దడి దగ్గర చతికిలబడి ప్రార్థన చేసుకున్నాను. ఒక పడవ లాకుల వైపు పోయింది, పడవవాడు వీళ్ళని చూసి ఏదో అడిగాడు, పెద్దింట్లమ్మ పొమ్మని చెయ్యి ఊపింది. ఇంకా కాసేపటికి ప్రసన్న, “ఆకలేస్తోందండి” అని తనంతట తనే ఇటు తిరిగి నడిచింది. నా ముందు నుంచి పోతూ ఆగింది. “నువ్వు కూడా రా అత్తా” అంది. లేవలేకపోతే రెక్క పట్టుకుని లేపింది. ఆ చేతి మీద పాత చార ఇంకా లేతగా ఉంది, కొత్తది లేదు.

మర్నాడు ఉదయం డాక్టరమ్మగారు ఏది బాగుండలేదని అడిగితే పిల్ల అంతా తనే చెప్పింది. పొద్దు వాలే వేళ వాళ్ళమ్మ నీళ్ళు మోసుకొచ్చే వేళట, ఆ వేళకి రేవు తనని పిలిచినట్టుంటుందట. మాకెవరికీ ఇన్నాళ్ళూ తెలియలేదు. కట్టేసినన్నాళ్ళు ఎలా తెలుస్తుంది? అప్పటి నుంచి ఆ వేళకి మేము ముగ్గురం దడి ఇవతల చాప వేసుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. గేటు తాళంచెవి ఇప్పుడు నా మొలలో ఉంటుంది. ఇక ముందు ఏం జరగదని నేను రాసివ్వలేను. ఒంటరిగా మాత్రం జరగదు, అంతవరకూ రాసిస్తాను.

అందుకని నీ ప్రశ్నకి నా జవాబు ఇది. నువ్వు రా. తప్పకుండా రా. పిల్లని చూడటానికి రా, తీసుకుపోవడానికి మాత్రం రాకు. మిల్లు పక్కన గదిలో దాన్ని పెట్టి నువ్వు పనికి వెళితే, వెళ్ళేటప్పుడు నువ్వూ గొళ్ళెం వేస్తావు. నేను వేశాను కనుక చెబుతున్నాను. ఇది ఉండవలసింది ఎవరో ఒకరు పక్కన కూర్చునే చోట. ఎప్పుడు ఇంటికి వెళదామని అదే అడుగుతుంది. అడిగిన రోజు నేను గేదె దగ్గరకి తీసుకుపోతాను.

ఇప్పుడు మొదట్లో వదిలిన వరస నింపుతాను. ప్రసన్న ఇంకా పూర్తిగా బాగాలేదు, వచ్చిన నాటికంటే చాలా నయం. నాకు మోకాళ్ళ నొప్పి, ఆ సాయంకాలం తలుచుకుంటే ఇప్పటికీ వణుకు, అయినా ఇన్నాళ్ళకి కంటి నిండా నిద్ర పడుతోంది. పెద్దింట్లమ్మకి నడుం నొప్పి. పరిపూర్ణ క్షేమంగా ఉన్నది ఒక్క గేదె మాత్రమే.

కింద కాస్త చోటు వదులుతున్నాను. ప్రసన్న తనూ రాస్తానంది. ఏం రాస్తుందో నేను చూడనని మాటిచ్చాను.

ఇట్లు,
నీ మంచి కోరే, నిజం రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న
నీ అక్క సంపూర్ణమ్మ

నాన్నగారికి,

అత్త రాసింది నాకు చదివి వినిపించింది. అంతా నిజమేనండి. ఈరోజు పొద్దున్న బాగాలేదు. ఇప్పుడు కొంచెం బాగుంది. బెండకాయలు కాశాయి.

మీకు జ్వరం వచ్చినప్పుడు పక్కన ఎవరైనా కూర్చున్నారా? అమ్మ పోయాక మీరు రాసిన అన్ని ఉత్తరాల్లోనూ క్షేమం అనే ఉంది. అది చదివి, నాకొక్కదానికే ఇలా ఉందనుకున్నానండి.

మీకు ఏది బాగుండలేదో రాయండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

ఇట్లు,
మీ కూతురు ప్రసన్న